బుగ్గ మీద కుక్కకాటు: టీకా వేసినా సీరం వేయని ఒక బాబు కేసు

కుక్క కరిచిందని ఆస్పత్రికి వచ్చేవాళ్లు అడిగేది ఒక్కటే: "సూది ఉందా సార్?" సూది అంటే వాళ్ల లెక్కలో రేబిస్ టీకా. సీరం అంటే వైరస్‌ని పట్టుకునే రక్షక ప్రొటీన్లు (యాంటీబాడీలు) సిద్ధంగా ఉన్న మందు. అది ఉందా అని అడిగేవాళ్లు చాలా అరుదు. పల్లెల్లో వైద్యం చేసే కొందరికి కూడా దాని సంగతి తెలియదు. చర్మం చీలి రక్తం వచ్చిన కాటులో, అందులోనూ ముఖం మీద పడిన కాటులో, మొదటి వారం రోజులు ప్రాణాన్ని కాపాడేవి రెండే: గాయాన్ని సబ్బుతో కడగడం, గాయంలోకి సీరం ఎక్కించడం. టీకా బలం ఆ తర్వాతే అందుతుంది. ఈ తేడా తెలియకపోతే ఏమవుతుందో, తెలిస్తే ఎంత పని చేయొచ్చో చూపించిన కేసు ఇది. కుటుంబాన్ని గుర్తుపట్టే వివరాలు మార్చి రాస్తున్నాను.

బాబు మా దగ్గరికి వచ్చేసరికి

పల్నాడులో ఒక ప్రభుత్వ ఆస్పత్రి క్యాజువాలిటీలో నేను డ్యూటీ డాక్టర్ని. మిరప కోతలు మొదలైతే మా ఓపీ రూపే మారిపోతుంది. కర్నూలు జిల్లా పడమటి మండలాల నుంచి, కోసిగి, కౌతాళం, ఆదోని వైపు నుంచి కూలీలు కుటుంబాలతో సహా గుంటూరు, పల్నాడు చేలకు దిగుతారు. వాళ్ల మాటలో "సుగ్గికి పోవడం" అంటే ఇదే. ఊళ్లో చూసుకునేవాళ్లు లేక పిల్లల్ని కూడా వెంట తెచ్చుకుంటారు. చేల పక్కన పట్టాలు కప్పి గుడారాలు వేసుకుంటారు. పెద్దలంతా కోతలో ఉంటే గుడారాల దగ్గర ఒక ముసలమ్మ, పిల్లలు, వాళ్ల వెంట తిరిగే కుక్కలు మిగులుతాయి.

ఆ సీజన్‌లో ఒక ఉదయం ఆశా కార్యకర్త ఒక తల్లిని, ఆరేళ్ల బాబుని వెంటబెట్టుకొచ్చింది. ఆమె ఆ గుడారాలకు వెళ్లింది వేరే పని మీద, ఒక గర్భిణిని చూడటానికి. అక్కడ ఈ పిల్లాడి ముఖం చూసి, ఏమైందని అడిగి, ఉన్నపళంగా ఆటో ఎక్కించింది. ఈ కేసులో అన్నిటికన్నా విలువైన నిర్ణయం అదేనని ఇప్పటికీ అంటాను.

కాటు పడి అప్పటికి రెండు రోజులు. పిల్లలు గుడారాల దగ్గర పెంచుకుంటున్న కుక్కపిల్ల, రెండు మూడు నెలల వయసుంటుంది. అన్నం పెట్టబోతే ఎగబడి ముఖం మీద, చేతి మీద కరిచింది. ఎడమ బుగ్గ మీద రెండు సెంటీమీటర్ల చీలిక, దాని మీద రెండు కుట్లు. కింది కనురెప్ప కింద ఒక గీత. కుడి చూపుడు వేలి మీద పంటి గాటు, అరచేతిలో ఇంకొకటి. గాయాల అంచుల్లో ఎర్రగా ఏదో ఎండిపోయి ఉంది. రక్తం అనుకున్నాను. తడి గాజుగుడ్డతో తుడిస్తే కారం ఘాటు ముక్కుకి తగిలింది. వాళ్ల అవ్వ కరిచిన వెంటనే కారం, సున్నం కలిపి అద్దిందట. పిల్లాడు ఎంత ఏడ్చుంటాడో ఊహించుకోవచ్చు.

అదే రాత్రి దగ్గర ఊళ్లో ప్రైవేటుగా వైద్యం చేసే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన స్పిరిట్‌తో తుడిచి, బుగ్గకి కుట్లు వేసి, టీటీ ఇచ్చి, ఒక రేబిస్ టీకా పిరుదుకి చేశాడు. మళ్లీ రమ్మని తేదీ చెప్పాడు. డబ్బులు తీసుకున్నాడు. తల్లి గుండె నిమ్మళించింది. నేను మళ్లీ చికిత్స మొదలుపెడతానంటే ఆమె అడిగిన మాట సబబైనదే: "సూది ఏపిచ్చినాం గదా సార్, మళ్లా ఎందుకు?"

ఆమెకి చెప్పిన జవాబు

రేబిస్ వైరస్ రక్తంలో తిరిగేది కాదు. కరిచిన చోట కండరంలో కొంతకాలం ఉండి, అక్కడి నరం కొసలోకి దూరుతుంది. తర్వాత నరం లోపల రోజుకి కొద్ది సెంటీమీటర్ల చొప్పున మెదడు వైపు పాకుతుంది. నరం బయట ఉన్నంతసేపే యాంటీబాడీ దాన్ని పట్టుకోగలదు. లోపలికి వెళ్లాక దాని జోలికి పోలేదు. కాలి మడమ మీద కరిస్తే మెదడుకి దూరం ఎక్కువ. బుగ్గ మీద కరిస్తే దూరమే లేదు. పైగా ముఖంలో, వేళ్ల కొసల్లో నరాలు దట్టంగా ఉంటాయి. మామూలుగా జబ్బు బయటపడటానికి ఒకటి నుంచి మూడు నెలలు పడుతుంది కానీ, ముఖం కాట్లలో అంతకన్నా ముందే రావచ్చు.

టీకా వేస్తే శరీరం సొంతంగా యాంటీబాడీలు తయారు చేసుకోవడానికి 7 నుంచి 14 రోజులు కావాలి. అందాకా గాయం దగ్గర కాపలా ఉండదు. ఆ తల్లికి చేను తెలుసు కాబట్టి అలాగే చెప్పాను: టీకా అంటే విత్తనం చల్లడం, పంట చేతికి రావడానికి టైం పడుతుంది, సీరం అంటే పండిన గింజలు తెచ్చి ఈరోజే చేతిలో పెట్టడం. ఆమె తలూపి, "అయితే ఈపొద్దే ఎయ్యండి సార్" అంది.

ఇక ఆ ప్రైవేటు వైద్యం గురించి. పిరుదుకి చేసిన రేబిస్ టీకా లెక్కలోకి రాదు. అక్కడ కొవ్వు ఎక్కువ, యాంటీబాడీలు సరిగా పుట్టవు. పెద్దలకి భుజం, రెండేళ్లలోపు పిల్లలకి తొడ, అవే సరైన చోట్లు. సీరం వేయకుండా కుట్లు వేస్తే సూది పోటు పోటుకీ వైరస్ లోతుకి వెళ్తుంది. కుక్కకాటు గాయాన్ని వీలైనంతవరకు కుట్టకూడదు. తప్పనిసరైతే సీరం వేశాక, కొన్ని గంటలు ఆగి, వదులుగా వేయాలి. అన్నిటికన్నా బాధ కలిగించింది మాత్రం గాయం కడగకపోవడం. పంపు కింద పెట్టి 15 నిమిషాలు సబ్బు నీళ్లతో కడిగితే వైరస్ చాలావరకు అక్కడే పోతుంది. రేబిస్ వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది, సబ్బు దాన్ని చీలుస్తుంది. మందుల షాపు, డాక్టరు, డబ్బు ఏవీ అక్కర్లేని వైద్యం అది. ఆ గుడారం పక్కనే చేనుకి నీళ్లు పెట్టే బోరు ఉంది.

సీరం ఎక్కించడం

చర్మం చీలిన కాటు, పుండు మీద లేదా నోటి లోపల, కంట్లో పడిన చొంగ, ఇవన్నీ మూడో క్యాటగిరీ. రక్తం రాని గీతలు రెండోది, దానికి టీకా చాలు. చెక్కుచెదరని చర్మాన్ని నాకితే మొదటిది, దానికి కడుక్కోవడం తప్ప ఏమీ అక్కర్లేదు. బాబుది సందేహం లేకుండా మూడోది.

రెండు రోజులు దాటినా సరే, ముందు గాయాలు కడిగాం. కారం పూర్తిగా పోయేదాకా సబ్బు నీళ్లు, తర్వాత పోవిడోన్ అయోడిన్. బరువు 18 కిలోలు. మా దగ్గర ఉన్నది గుర్రపు సీరం, అంటే గుర్రం రక్తం నుంచి తీసింది, కిలోకి 40 యూనిట్లు. అంటే 720 యూనిట్లు. 5 మిల్లీలీటర్ల వయల్‌లో 1500 యూనిట్లుంటాయి కాబట్టి బాబుకి రావాల్సింది 2.4 మిల్లీలీటర్లు. నాలుగు గాయాలకు అది చాలదు. మోతాదు పెంచకూడదు, పెంచితే టీకా పనికి అడ్డుపడుతుంది. అలాంటప్పుడు సెలైన్ కలిపి పరిమాణం పెంచుకోవాలి. సమానంగా సెలైన్ కలిపి దాదాపు 5 మిల్లీలీటర్లు చేసుకున్నాం. అడ్రినలిన్ సిరంజిలో ఎక్కించి పక్కన పెట్టుకున్నాం. గుర్రపు సీరంతో ఎలర్జీ అరుదే కానీ, వస్తే నిమిషాల్లో వస్తుంది. చర్మం మీద టెస్ట్ డోసు చూసి సీరం ఆపడం వల్ల లాభం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది, ఎందుకంటే ఆ టెస్టు ఎవరికి రియాక్షన్ వస్తుందో చెప్పలేదు.

బాబుని దుప్పట్లో చుట్టి తల్లి ఒళ్లో కూర్చోబెట్టాం. సిస్టర్ రెండు చేతులతో తల కదలకుండా పట్టుకుంది. ఇన్సులిన్ సిరంజి సన్న సూదితో బుగ్గ గాయం అంచు నుంచి మొదలుపెట్టాను. కుట్లు కదిలించకుండా చుట్టూ నాలుగు వైపుల నుంచి, గాయం అడుగు దాకా. మందు లోపలికి వెళ్తుంటే చర్మం తెల్లబడి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు గాయం మొత్తం చుట్టుకుంటే మందు చేరినట్టు. కనురెప్ప కింద గీతకి చాలా కొద్దిగా, సూది కంటికి ఎదురుగా కాకుండా పక్కవాటుగా పెట్టి వేశాను. వేలి దగ్గర అసలు తొందర పడకూడదు. వేలిలో చోటు తక్కువ, ఎక్కువ మందు నొక్కితే రక్తప్రసరణ ఆగిపోతుంది. గోరు రంగు చూసుకుంటూ చుక్కచుక్కగా వేయాలి. మిగిలినదంతా అరచేతి గాటులోకి వెళ్లింది.

పాత పద్ధతిలో మిగిలిన సీరం తొడకి చేసేవాళ్లం. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని మార్చింది: గాయంలోకి ఎంత పడితే అంతే వేయండి, మిగిలింది మరొకరికి వాడండి అని. సీరం ఎప్పుడూ కొరతగానే ఉండే మనలాంటి చోట ఇది పెద్ద మార్పు. ఆ వయల్‌లో మిగిలింది అదే సాయంత్రం ఎవరికి పనికొచ్చిందో కింద చెప్తాను.

తర్వాత టీకా. పిరుదు డోసుని పక్కనపెట్టి, ఈ రోజునే సున్నా రోజుగా లెక్కపెట్టాం. చర్మం పొరలోకి, రెండు భుజాలకీ చెరొక 0.1 మిల్లీలీటరు. సరిగా పడితే కమలా తొక్కలా చిన్న బుడిపె లేస్తుంది. లేవకపోతే లోతుకి పోయినట్టే, పక్కన మళ్లీ వేయాలి. ఇవే డోసులు 3, 7, 28వ రోజుల్లో. యాంటీబయాటిక్ రాశాను. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు వేస్తారన్న భయం ఇంకా చాలామందిలో ఉంది. గొర్రె మెదడు నుంచి చేసే ఆ టీకా మన దేశంలో 2004 చివర్లోనే ఆగిపోయింది. మాంసం, గుడ్డు మానాలా అని అవ్వ తర్వాత అడిగింది. పథ్యం ఏమీ లేదు, కడుపునిండా పెట్టమన్నాను.

గుడారాల దగ్గర

రేబిస్ కేసుని ఆస్పత్రి గదిలోనే ముగిస్తే సగం పని వదిలేసినట్టు. ఆ కుక్కపిల్లతో ఆడిన పిల్లలు ఇంకా ఎవరు? అదే రోజు ఏఎన్ఎం, ఆశా గుడారాలకు వెళ్లి ఒక్కొక్కరినీ అడిగారు. "కరిచిందా?" అని అడిగితే అందరూ లేదనే చెప్తారు. అందుకే ఏఎన్ఎం పిల్లల చేతులు, కాళ్లు, మోచేతులు విప్పి చూసింది. ఇద్దరికి గోళ్ల గీతలున్నాయి, రక్తం రాలేదు. వాళ్లకి టీకా సరిపోతుంది.

బాబు చెల్లెలికి మూడేళ్లు. ఆమెని కుక్క కరవలేదు, గీరలేదు. రెండు రోజుల క్రితం గట్టు మీద పడి మోకాలు చెక్కుకుపోయింది. ఆ పుండుని కుక్కపిల్ల నాకిందని అన్నయ్యే చెప్పాడు. పచ్చి పుండు మీద చొంగ పడితే అది మూడో క్యాటగిరీ. పంటి గాటు ఒక్కటీ లేని ఆ పిల్లకి కూడా సీరం కావాలి. బరువు 11 కిలోలు, 440 యూనిట్లు, 1.5 మిల్లీలీటర్లు. ఉదయం తెరిచిన వయల్‌లో మిగిలింది ఫ్రిజ్‌లో జాగ్రత్తగా పెట్టి ఉంచాం. అదే సరిపోయింది. ఒకే వయల్‌తో అన్నాచెల్లెళ్లిద్దరికీ.

మా దగ్గర మూడో రోజు డోసుకి వచ్చినప్పుడు తల్లి చెప్పింది, కుక్కపిల్ల ముందు రోజు చచ్చిపోయిందని. మగవాళ్లు చేను గట్టు పక్కన పాతిపెట్టారు. చచ్చిన కుక్క మెదడుని ల్యాబ్‌లో ఫ్లోరోసెంట్ యాంటీబాడీ పరీక్ష చేస్తే రేబిస్ ఉందో లేదో గంటల్లో తేలుతుంది. ఆ అవకాశం పోయింది. అయినా కరిచిన పది రోజుల్లోపు చచ్చిన కుక్కని పిచ్చికుక్కగానే లెక్కవేయాలి. కుక్క పరిస్థితి తేలేదాకా ఆగి అప్పుడు చికిత్స మొదలుపెడదాం అనుకుని ఉంటే ఏమయ్యేదో అందరికీ అర్థమైంది. ఆ రోజు నుంచి మళ్లీ రండి అని ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు. కోత మేస్త్రి తనే బండి మీద పిల్లల్ని దింపి వెళ్లేవాడు.

చిన్న కుక్కపిల్ల కదా, దానికి పిచ్చి ఎక్కడిది అనుకుంటారు. మూడు నెలల లోపు కుక్కపిల్లలకి సాధారణంగా టీకా పడి ఉండదు, తల్లి కుక్కకి టీకా లేకపోతే రక్షణా ఉండదు. పిల్లలు ముద్దుచేసి ముఖం దగ్గర పెట్టుకునేది కూడా వాటినే.

తొమ్మిదో రోజు భయం

తొమ్మిదో రోజు రాత్రి మేస్త్రి ఫోన్ చేశాడు. బాబుకి జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు, ఏమీ తాగడం లేదు. వెనక తల్లి ఏడుపు వినిపిస్తోంది. ఆమె అనుకున్నదేంటో అడగక్కర్లేదు.

రేబిస్ రోగిని ఒకసారి చూసినవాళ్లు మర్చిపోలేరు. నీళ్ల గ్లాసు దగ్గరికి తెస్తేనే గొంతు కండరాలు బిగుసుకుపోతాయి, ఫ్యాన్ గాలి తగిలినా అంతే. మధ్యమధ్యలో మనిషి పూర్తి తెలివితో మనతో మాట్లాడతాడు. లక్షణాలు మొదలయ్యాక మన చేతిలో పనిచేసే మందు లేదు. ప్రపంచం మొత్తం మీద బతికినవాళ్లు అతి కొద్దిమందే. ఆ తల్లి భయం అనవసరమైనదని నేను ఎవరితోనూ అనను.

బండి మీద తీసుకొచ్చారు. జ్వరం 101, దురద దద్దుర్లు, మోకాళ్లు వాచి ముట్టుకుంటే ఏడుస్తున్నాడు. బుగ్గ గాయం శుభ్రంగా మానుతోంది, అక్కడ తిమ్మిరి, మంట లేవు. సిస్టర్ గ్లాసులో మజ్జిగ ఇచ్చింది. రెండు చేతులతో పట్టుకుని మొత్తం తాగాడు. తాగనన్నది జ్వరం చిరాకుతో. ఇది సీరం సిక్‌నెస్. గుర్రపు సీరంలోని పరాయి ప్రొటీన్ మీద శరీరం చూపే ప్రతిస్పందన, వారం పది రోజులకి వస్తుంది, మందులతో తగ్గిపోతుంది. సీరం వేసిన రోజే ఇలా రావచ్చని ఇంటివాళ్లకి చెప్పి ఉంచడం ఎంత ముఖ్యమో ఇలాంటి రాత్రుల్లో తెలుస్తుంది. తల్లికి ముందే చెప్పి ఉంచాం, అయినా పిల్లాడి ఒళ్లు కాలుతుంటే ఏ తల్లికి గుర్తుంటుంది? కార్డు మీద కూడా రాసి ఉండటం వల్ల మేస్త్రి అది చదివి మా నంబరుకి ఫోన్ చేశాడు. మంత్రం వేయించడానికి వెళ్లకుండా ఇటు వచ్చారు. నాలుగు రోజుల్లో దద్దుర్లు పోయాయి.

ఈ ఇబ్బంది లేని మందులు మన దేశంలోనే తయారవుతున్నాయి. సీరం ఇన్‌స్టిట్యూట్ వారి రేబిషీల్డ్, జైడస్ వారి ట్విన్‌రాబ్ మోనోక్లోనల్ యాంటీబాడీలు. గుర్రం అక్కర్లేదు, మనిషి రక్తం అక్కర్లేదు, ఎన్ని కావాలంటే అన్ని ఫ్యాక్టరీలో చేసుకోవచ్చు. రేబిషీల్డ్ మోతాదు కిలోకి 3.33 యూనిట్లే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా సీరం బదులు వీటిని వాడొచ్చంది. ప్రభుత్వ ఆస్పత్రి ఫ్రిజ్‌లో ఇవి నిరంతరం ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం. టీకాలో ప్రపంచానికి సరఫరా చేసే దేశంలో సీరం కోసం పిల్లల్ని ఊరూరా తిప్పడం న్యాయం కాదు.

28వ రోజు ఎక్కడ?

కోతలు ముగిసే లోపు 28వ రోజు రాదు. ఆ కుటుంబం అప్పటికి కోసిగి వైపు సొంతూరు వెళ్లిపోతుంది. వలస కూలీల విషయంలో చివరి డోసు జారిపోయేది ఇక్కడే. ఒక్కో డోసుకి ఒక రోజు కూలీ పోతుంది, దారి ఖర్చు పడుతుంది, అప్పటికి పిల్లాడు ఎగిరి గంతులేస్తుంటాడు. ఇక ఎందుకని మానేస్తారు.

2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారం రోజుల్లో ముగిసే పద్ధతికి ఆమోదం ఇచ్చింది: చర్మం పొరలోకి 0, 3, 7 రోజుల్లో రెండేసి చోట్ల, అంతటితో పూర్తి. మన దగ్గర 28వ రోజు డోసు కొనసాగుతోంది. నియమం ఉన్నంతవరకు దాన్ని పాటించాల్సిందే, మేమూ పాటించాం. కానీ సుగ్గి కుటుంబాల్లాంటి వాళ్ల కోసమైనా వారం పద్ధతిని జాతీయ కార్యక్రమం పరిశీలించాలి. సగంలో ఆగిపోయే నాలుగు డోసుల కన్నా పూర్తయ్యే మూడు మేలు.

కార్డు మీద తేదీలు పెద్ద అక్షరాల్లో రాసి, వాళ్ల ఊరి పీహెచ్‌సీకి ఫోన్ చేసి పిల్లల పేర్లు చెప్పాం. 28వ రోజున అక్కడి ఏఎన్ఎం ఇంటికే వెళ్లి పిలుచుకొచ్చి ఇద్దరికీ డోసు వేసి, మాకు తిరిగి ఫోన్ చేసింది. మరుసటి ఏడాది సుగ్గికి ఆ కుటుంబం మళ్లీ వచ్చింది. పిల్లలిద్దరూ ఆరోగ్యంగా ఉన్నారు. ఇకముందు వాళ్లని మళ్లీ కుక్క కరిస్తే సీరం అక్కర్లేదని, 0, 3 రోజుల్లో ఒక్కో చోట డోసు చాలని, అందుకని కార్డు పారేయొద్దని చెప్పాం.

ఒక కేసు వెనక ఉన్న లెక్క

2022-23లో 15 రాష్ట్రాల్లోని 60 జిల్లాల్లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఇంటింటి సర్వే చేసింది. దేశంలో ఏడాదికి సుమారు 91 లక్షల జంతుకాట్లు, వాటిలో నాలుగింట మూడొంతులు కుక్కలవి, 5,726 రేబిస్ మరణాలు అని అంచనా వేసింది. పాత అంచనాలు 20 వేల దాకా ఉండేవి. తగ్గుదల నిజమైనదే, సంతోషించాల్సిందే. మిగిలిన ఆ ఐదు వేల పైచిలుకు మందిలో ఎవరున్నారో ఆలోచించాలి. కడగనివాళ్లు, ఆలస్యంగా వచ్చినవాళ్లు, సీరం అందనివాళ్లు, డోసులు మధ్యలో ఆపినవాళ్లు.

2025 ఏప్రిల్, మే నెలల్లో కేరళలో టీకా డోసులు తీసుకున్న పిల్లలు కూడా రేబిస్‌తో చనిపోయారు. ఆ వార్తలు చూసి మా ఓపీలో టీకా పనిచేయదటగా అని అడిగినవాళ్లు ఉన్నారు. టీకా పనిచేస్తుంది. తల మీద, ముఖం మీద, చేతుల మీద లోతైన కాట్లు పడినప్పుడు మాత్రం వైరస్‌తో పరుగుపందెంలో నిమిషం కూడా పోగొట్టుకోకూడదు. అదే ఏడాది ఆగస్టులో వీధి కుక్కల మీద సుప్రీంకోర్టు ఉత్తర్వులు వచ్చాక దేశమంతా కుక్కల్ని ఉంచాలా పంపాలా అని వాదించుకుంది. కాటు పడిన మనిషికి అందాల్సిన సీరం మాట అందులో పెద్దగా వినిపించలేదు. కుక్కల్లో 70 శాతానికి టీకా వేస్తే వ్యాప్తి ఆగుతుంది. గోవా ఆ దారిలో ఏళ్ల తరబడి పనిచేసి 2021లో రేబిస్ నియంత్రిత రాష్ట్రంగా ప్రకటించుకుంది. 2030 నాటికి కుక్కల ద్వారా వచ్చే రేబిస్ మరణాలు లేకుండా చేయాలని కేంద్రం పెట్టుకున్న లక్ష్యానికి మనిషికి సీరం, కుక్కకి టీకా, ఈ రెండు పనులూ కలిసి నడవాలి.

ఈ కేసు తర్వాత మా పరిధిలో కోతలు మొదలవకముందే మేస్త్రిల ఫోన్ నంబర్లు తీసుకుని గుడారాల జాబితా రాసుకుంటున్నాం. ఏఎన్ఎంలు మొదటి సందర్శనలోనే అవ్వలకి చెప్తున్నారు: కారం వద్దు, సున్నం వద్దు, బోరు కింద సబ్బుతో కడిగి తీసుకురండి అని. కోతల కాలంలో పీహెచ్‌సీ ఫ్రిజ్‌లో కనీసం ఒక్క సీరం వయల్ ఉంచాలని రాసి పంపాను. రెండు చోట్ల ఉంచారు. మిగతా చోట్ల నుంచి మూడో క్యాటగిరీ కాట్లని గాయం కడిగి, మొదటి టీకా వేసి, మాకు ఫోన్ చేసి 108లో పంపుతున్నారు.